మా ఇంటి రాయబారి

మా అన్న పోయాడు. కబురు తెలియగానే ఆత్మకూరుకు ఉదయగిరి నుంచి కూడా బండ్లు కట్టుకుని జనం వచ్చారు. రేపు నేను పోతే పక్కింటివాళ్లు వస్తారు, అదీ తీరిక ఉంటే. పోయి కూడా నాకు కడుపుమంట మిగిల్చాడు మహానుభావుడు.

మా నాయన చదువు చెప్పింది ఇద్దరికీ. అన్న మొదట ఊరిపెద్ద అయ్యాడు, తర్వాత నెల్లూరు జిల్లా బోర్డులో సభ్యుడు, ఈ కరువులో కలెక్టరు దొర తరఫున జమీందారు దగ్గరికి రాయబారి. నేను విధవ చెల్లెలిని, వంటింటికి అధికారిని.

మిషను దొరసాని ఒకసారి ఆయన్ని మెచ్చుకుంది. “మా అమెరికాలో ఒకాయన ఇంతే. ముందు తన రాష్ట్రపు సభ, తర్వాత దేశపు పెద్దసభ, ఆపైన పరదేశంలో రాయబారం.”

“ఆయనింట్లో చెల్లెలు ఉండాదా అమ్మా?” అన్నాను. పాపం, మా వంటింటి సంగతి ఆమెకు తెలియదు.

ఎందుకడిగానంటే, ఏ తగాదాకు పోవాలన్నా ముందురోజు అన్న వంటింట్లో పీట వేసుకుని నన్ను ఎదుటి పక్షం కమ్మనేవాడు.

“నువ్వు జమీందారువి మే. మా పశువుల్ని నీ అడివిలో మేయనీవు. ఏమంటావు?”

“నా అడివి, నా ఇష్టం. నీకేంది నొప్పిరా అంటాను.”

“ఆయన నన్ను రా అంటాడా?”

“కడుపులో అంటాడు. దానికి చెప్పు జవాబు.”

బుర్ర గోక్కునేవాడు. “నువ్వే చెప్పు మే.”

“పశువులు చస్తే రేపు నీ భూములు దున్నేదెవరని అడుగన్నా.”

అడివి తెరిచారు. శాలువా ఆయన భుజాన పడింది. “నువ్వు చెప్పినట్టే జరిగింది మే” అన్నాడు, పొయ్యి దగ్గర మాత్రమే. అరుగు మీద ఎప్పుడూ అనలేదు.

న్యాయం చెప్పాలి కదా. ఎదుటివాడు మజ్జిగ తాగేదాకా అన్న మాట మొదలుపెట్టేవాడు కాదు. “ముందు తిననీ, తర్వాత అలగనీ” అనేవాడు. తిట్లు కూడా నవ్వుతూ వినేవాడు. నేనైతే చెంబు విసిరి ఉందును. ఆ ఓర్పు మీదా నాకు అసూయే. అయినా ఆ ఇంట్లో నన్ను అభిప్రాయం అడిగిన మనిషి ఆయనొక్కడే.

కర్మలు ముగిశాక అనంతసాగరం పెద్దలు వచ్చారు. మేత బీడు కోసం వాళ్ల ఊరూ పక్క ఊరూ కర్రలు ఎత్తాయట, నేడో రేపో తలలు పగులుతాయట. అరుగు మీదున్న అన్న కొడుకును దాటి పెరట్లోకి వచ్చారు.

“తగాదా వస్తే పెరటి వైపు పోండని అయ్య మంచాన పడినప్పుడే చెప్పినాడు తల్లీ.”

చూశారా, దీంట్లోనూ నాకన్నా ముందడుగు ఆయనదే!

విధవను ఎదురుగా చూడకూడదని నేనున్న వంటింటి తలుపుకు వీపులు పెట్టి కూర్చున్నారు. తగాదా అంతా పెరటి గోడకు చెప్పుకున్నారు. ఎండలో తలపాగాలు, వెనక్కి తిరగకుండా, నా గొంతు కోసం కాచుకుని ఉన్నాయి.