అక్బరీ బేగం పెడల్ తొక్కింది

ప్రతి పొద్దూ ఫజర్ నమాజు కాగానే నబీసాబ్ తన పాత అంబాసిడర్‌లో కూర్చుని బ్రేకు తొక్కేవాడు. భార్య అక్బరీ బేగం చేతిలో చాయ్ గ్లాసుతో కారు వెనక నిలబడి, "ఎలిగినయ్" అనేది. రెండు ఎర్ర లైట్లూ వెలిగాయన్న ఆ ఒక్క మాట వింటే తప్ప ఆయన మహబూబాబాద్ దాటి ఏ కిరాయికీ పోయేవాడు కాదు. జూన్‌లో, మిరుగం వానలప్పుడు గుండె ఆగి ఆయన పోయాడు. ఇప్పుడు కారు మీద దుప్పటి కప్పి ఉంది. అక్బరీ బేగం ఒక్క గ్లాసు చాయ్ పెట్టుకుని, దుప్పటి వైపు చూడకుండా తాగేస్తుంది.

ఆ రోజు దుప్పటి తీయక తప్పలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు కదలడం లేదు, రైళ్లనూ ఆపేస్తున్నారు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు మెహనాజ్‌కు పొద్దున నడుం నొప్పి మొదలైంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని, వరంగల్ పెద్ద దవాఖానకే పోవాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఉన్న ఒక్క అంబులెన్సూ ఇంకో ఊరు పోయింది. కొడుకు రఫీకి ఆటో ఉంది గానీ, ఆ కుదుపులకు పిల్ల అంత దూరం ఓర్వలేదు.

రఫీ వారానికోసారి కారు ఇంజను తిప్పేవాడే గానీ బండిని కదిపింది లేదు. ఇప్పుడు బ్రేకు తొక్కితే పెడల్ సీదా నేలకు అంటింది. వంగి చూస్తే వెనక చక్రం దగ్గర తడి. బ్రేకు ఆయిలు పోయే ఇనుప పైపు తుప్పు పట్టి చిల్లు పడింది.

పక్కింటి భాగ్యమ్మ గడపలో కూర్చుని మెహనాజ్ నడుం రుద్దుతోంది. "మీ నాయిన కారు గూడ సమ్మెల కూసున్నదారా రఫీ?" అంది.

"మెకానిక్కులందరు పట్టాల మీద కూసున్నరు అత్తా. అబ్బా కొనిపెట్టిన పైపు అటక మీద ఉన్నది. నేనే ఏస్తా. అమ్మీ, నువ్వు పెడల్ తొక్కాలె."

అక్బరీ బేగం కారు దాకా వచ్చి ఆగింది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా గేటు దాటని ఇద్దత్‌లో ఉంది ఆమె. కారు వాకిట్లోనే ఉంది, దానికి అడ్డేమీ లేదు. కానీ ఆ సీటులో ఆయన తర్వాత ఎవరూ నిమ్మళంగా కూర్చున్నది లేదు. పైగా తొక్కడంలో తేడా వస్తే కన్నకూతురి ప్రాణం, కడుపులో బిడ్డ ప్రాణం, బండి నడిపే కొడుకు ప్రాణం. అయినా కూర్చుంది.

రఫీ కారు కిందికి దూరి పాత పైపు విప్పి, కొత్తది బిగించాడు. అటక మీది సీసాలో ఉన్న బ్రేకు ఆయిలు పోశాడు. ఇక గొట్టాల్లోని గాలి తీయాలి. పైన ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, కింద ఒకరు చక్రం దగ్గరి చిన్న నట్టు వదులు చేసి, గాలి బుడగలు పోయాక బిగించాలి. బిగించేదాకా పైవాళ్లు కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

ఈ పని ఆమెకు కొత్త కాదు. నబీసాబ్‌తో ఎన్నో మార్లు చేసింది. కింద పడుకున్నప్పుడు నోట్లో మట్టి పడుతుందని ఆయన నోరు తెరిచేవాడు కాదు. పానాతో ఇనుము మీద ఒక్క దెబ్బ కొడితే తొక్కు, రెండు దెబ్బలు కొడితే వదులు. ఆ చప్పుడు ఆమె చెవికి కాదు, కాలికే వినపడేది.

"తొక్కు అమ్మీ. పట్టు. ఇడువు." రఫీ నోటితోనే చెబుతున్నాడు. గడపలో మెహనాజ్ మూలుగు ఎక్కువైంది.

"జల్ది కానియ్యి రఫీ, పిల్ల ఆగెటట్టు లేదు" అంది భాగ్యమ్మ.

"తొక్కు. పట్టు. ఇగ అయిపాయె." ఆ తొందరలో రఫీ చేతిలోంచి పానా జారింది. ఇనుముకు తగిలి టక్, టక్ అంది.

అక్బరీ బేగం కాలు దానంతట అదే లేచింది.

మరుక్షణం ఆమెకు తెలిసింది, ఆ రెండు దెబ్బలూ ఎవరూ కొట్టినవి కావని. రఫీ పానా అందుకుని నట్టు బిగించి, ఒళ్లు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. "అయిపోయింది. అక్కను ఎక్కియ్యి అత్తా."

ఆమె మళ్లీ తొక్కి చూసింది. పాదం కింద తడిసిన దూది ఉన్నట్టుంది.

"ఆగు రఫీ. ఇది మెత్తగ ఉన్నది."

"కొత్త పైపు గదా అమ్మీ. రెండుసార్లు తొక్కితె అదే కుదురుతది."

"కుదరది బేటా. నువ్వు బిగియ్యకముందే నేను కాలు తీసిన. గాలి పోయింది. మళ్ల చెయ్యాలె."

"సీసాల ఆయిలు లేదు. అక్కను చూడు జర."

"చూస్తున్న గనుకనే చెప్తున్న." ఆమె స్టీరింగు వదల్లేదు. తాళం చెవి తీసి పిడికిట్లో పెట్టుకుంది.

రఫీ తిట్టుకుంటూనే ఉరికాడు. చౌరస్తాలో సామాన్ల దుకాణం మంగీలాల్‌ది. షట్టరు మూసే ఉంది గానీ ఇల్లు వెనకే. సీసాతో తిరిగొచ్చి, "అమ్ముడు బంద్, ఇచ్చుడు బంద్ లేదన్నడు" అన్నాడు. కోపంలోనూ నవ్వొచ్చింది వాడికి.

మళ్లీ కిందికి దూరాడు. ఈసారి అక్బరీ బేగం తన కాలి మీద రెండు చేతులూ వేసి మోకాలిని అదిమి పట్టుకుంది. "ఇడువు అమ్మీ" అని వాడు రెండోసారి అన్నాక గానీ తీయలేదు. చివరికి పెడల్ సగంలోనే రాయిలా నిలిచింది. దాని మీద నిలబడ్డట్టు తొక్కింది. కదల్లేదు. తాళం చెవి రఫీ చేతిలో పెట్టింది.

మెహనాజ్‌ను వెనక సీట్లో పడుకోబెట్టారు. తోడు భాగ్యమ్మ ఎక్కింది. "నువ్వు రాకు వదినె, నేనున్న" అంది. అక్బరీ బేగం గేటు లోపలే నిలబడి, కారు మూల తిరిగేదాకా చూసి, ఇంట్లోకి వచ్చి ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. పెడల్ గట్టిగా ఉందని పాదం అంటోంది, నమ్మకం మాత్రం రావడం లేదు. తొర్రూరు, వర్ధన్నపేట, దారిలోని ఒక్కో మలుపూ లెక్కపెట్టుకుంటోంది.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. భాగ్యమ్మ.

"చేరినం వదినె. లోపటికి తీస్కపోయిన్రు, ఆపరేషన్ అంటున్నరు."

"దారిల?"

"తొర్రూరు దాటినంక రోడ్డు మీద సమ్మెటోళ్ల వంటావార్పు. మలుపు తిరగంగనే ఎదురుంగ పొయ్యి, దాని మీద ఇంత గంజు, సుట్టు మంది. నీ కొడుకు ఒక్కసారే తొక్కిండు. గంజుకు మూరెడు దూరంల ఆగింది. నా పానం పోయింది గని బండి ఆగింది. పిల్లను చూసి వాళ్లే గంజు జరిపి తొవ్వ ఇచ్చిన్రు."

అక్బరీ బేగం పాదాన్ని నేల మీద గట్టిగా ఆనించింది.

"పొద్దుగాలటి నుంచి ఏం తినలేదు నువ్వు. ఇంత బువ్వ వండుకో. బిడ్డ బయటికి రాంగనే ఫోను చేస్త" అంది భాగ్యమ్మ.

"సరే."

బియ్యం చాటలో పోసి ఉన్నాయి. ఆమె వాటి దాకా వెళ్లింది. పంపు స్టవ్ ముట్టిస్తే హోరుమంటుంది, ఆ హోరులో ఫోను వినపడదు. అగ్గిపెట్టె ఉన్నచోటే ఉంచి, వచ్చి ఫోను పక్కన కూర్చుంది.