కందకం మీద బాట

పొద్దున ఆరింటికి కోరుట్లలో బస్సెక్కాను. ఖాకీ చొక్కా ఇంట్లోనే వదిలేశాను. అడవిలోని నక్సలైట్ అన్నలు బస్సులు ఆపి సర్కారు మనుషుల కోసం చూసే ఆ రోజుల్లో అటవీశాఖ వాళ్లం మామూలు బట్టల్లోనే తిరిగేవాళ్లం. జగిత్యాలలో బస్సు మారాలి. స్టాండు బయట వేడి పూరీ దొరుకుతుంది, తినే ఎక్కండి.

పక్క సీట్లో నూలు మూటతో సిరిసిల్ల నేత పనివాడు కూర్చున్నాడు.

"ఏం కొలువు సారూ?"

"ఎరువుల దుకాణం," అన్నాను.

"గట్లయితే మా మామకు జర యూరియా ఇప్పియ్యరాదు!"

తల ఊపి కిటికీ వైపు తిరిగాను. అబద్ధం వేములవాడ దాకా గుచ్చింది.

సిరిసిల్లలో దిగేసరికి పదకొండు. ముస్తాబాద్ వైపు ఆటో, ఆపైన గుట్ట కింది పల్లెకు నడక.

ఆ పల్లె పక్క అడవి చుట్టూ కందకం తవ్వించింది నేనే. మనుషుల్నీ పశువుల్నీ బయట ఉంచితేనే అడవి బతుకుతుందని మాకు నేర్పారు. గొడ్లు కుంటకు పోయే బాట తెగిందని ఊరు మొత్తుకున్నా నేను వినలేదు. ఇప్పుడు సర్కారు మాట మారింది: ఊరే సంఘం పెట్టుకుని అడవిని కాయాలి, ఫలసాయంలో వాటా తీసుకోవాలి. ఊరు కాదంటే కొత్తగా నాటిన మొక్కలు దక్కవు. ఒప్పించడానికే వెళ్లాను.

చావడి దగ్గర కూడిన జనంలోంచి బర్రెలు కాసే రాజవ్వ ముందుగా లేచింది. "అప్పుడు మా కట్టెలు కొట్టే గొడ్డండ్లు గుంజుకపోయినవ్. ఇప్పుడు అడవి మీదే అంటున్నవ్. ఏది నమ్మాలె?"

"అప్పుడు చేసింది తప్పే అవ్వా."

"తప్పయితే బాట ఇయ్యి. గప్పుడే సంఘం."

కందకం పూడ్చే హుకుం నా దగ్గర లేదు. అడిగితే ఎన్నాళ్లకు వస్తుందో తెలుసు. పార అడిగి తీసుకుని, గట్టు మీది మట్టిని కందకంలోకి తోయడం మొదలుపెట్టాను.

"సారు పార పట్టుడు చూడుండ్రి, గంటె పట్టినట్టున్నది!" అంది రాజవ్వ. అందరూ నవ్వారు. నవ్వుతూనే నలుగురు మట్టి తొక్కడానికి కందకంలోకి దిగారు. మధ్యలో ఆమె పోసిన జొన్నరవ్వ గటక, మామిడికాయ తొక్కు ఇంకా నాలుక మీదే ఉన్నాయి.

బాట తయారయ్యాక మొదటి బర్రె దాటింది. దాటి, లేత మొక్కల వైపు మూతి చాపింది. రాజవ్వ కట్టె ఎత్తి అదిలించింది.

"హెయ్! గవి మనయే!"

ఇక సంఘం మాట నేను ఎత్తాల్సిన పని లేకపోయింది.

చీకటి పడితే జగిత్యాల బస్సుకు నమ్మకం లేదు, కాబట్టి సిరిసిల్లకు ముందే చేరుకోండి. నాకు చివరి సీటు దొరికింది. పక్కనున్న పెద్దాయన నా బట్టలు చూశాడు.

"గీ మట్టేంది? ఏం కొలువు?"

"జంగలాత్, అడవి కొలువు," అన్నాను.

ఆయన కాళ్ల దగ్గరి మూటను తన వైపు జరుపుకున్నాడు. "అలిసినట్టున్నవ్. కాళ్లు సాపుకో," అన్నాడు.

జగిత్యాల దాకా హాయిగా నిద్రపోయాను.