ఏడో గంట అడిగిన అత్త

మొన్న మంగళవారం పొద్దున్న టెక్కలిలో కాలేజీకి బయలుదేరుతుంటే పలాస నుంచి అమ్మ ఫోన్ చేసింది. అత్త పోయిందట, నిద్రలోనే. చాక్‌పీసుల డబ్బా చేత్తో పట్టుకుని గడపలో అలాగే నిలబడిపోయాను. బాధ వచ్చింది, చాలా వచ్చింది. దాని వెనకే సిగ్గు లేకుండా ఉత్సాహం కూడా వచ్చింది. ఆవిడ గురించి దొరికినవాళ్లందరికీ చెప్పెయ్యాలనిపించింది. ఏడుపు మొహం పెట్టుకుని చెబితే ఆవిడకి నచ్చదు కాబట్టి నా తీరులో, కాస్త గబగబా చెబుతాను.

అత్త అంటే మా మేనమామ భార్య. ఉద్దానంలో జీడితోటల మధ్య పుట్టింది. ఏడో తరగతితో బడి మానేసింది. పెళ్లయ్యాక పలాసలో ఒక చిన్న జీడి ఫ్యాక్టరీలో పనికి చేరి, బోర్మా దగ్గర స్థిరపడింది. గింజ కొట్టి తీసిన పప్పుని తట్టల్లో పరిచి వేడికి ఆరబెట్టే పెద్ద బీరువాలాంటిదే బోర్మా. సరిగ్గా ఆరితే పప్పు మీది పొట్టు వేలితో నలిపితే చాలు, ఊడిపోతుంది. ఆరకపోతే గీకాలి, గీకితే గుండుగా రావాల్సిన పప్పు ముక్కలవుతుంది. కాస్త ఎక్కువైతే మాడిపోతుంది. ఈ రెండింటి మధ్య ఇరవై ఏళ్లు నిలబడింది మా అత్త.

గాజులు పైకి తోసుకుని, తట్టకి జానెడు పైన అరచెయ్యి పట్టి, లోపల్లోపల పది లెక్కపెట్టేది. పదిలోపే చెయ్యి లాక్కోవాల్సి వస్తే వేడి, ఆవిడ మాటల్లో కాక, ఎక్కువైనట్టు. పది దాటినా హాయిగా ఉంటే తక్కువైనట్టు. అంతే, ఆవిడ దగ్గర వేరే పరికరం లేదు.

ఈ పదేళ్లుగా నేను చూసిన అత్త వేరు. ఈవిడకి కొలతల మార్పిడి పిచ్చి. బిస్కెట్ పొట్లం మీద కిలో జౌళ్లు కనిపిస్తే కిలో కేలరీలు చేసేదాకా పొట్లం విప్పనివ్వదు. గీజరు మీద వాట్లు రాసుంటే గంటకి ఎన్ని కేలరీలో చెప్పాలి. పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గరికెళ్లి పొయ్యి లెక్క అడిగితే వాళ్లు గరిటెలు వదిలేసి తప్పుకునేవాళ్లు. చివర్లో, మా వైపు అందరికీ తెలిసిన ఆ కిడ్నీ జబ్బే వచ్చి డయాలసిస్ మంచం ఎక్కినా, మిషను మీద వెలిగే ప్రతి అంకె సంగతీ నర్సమ్మని అడిగి విసిగించేది. ఎవరు ఏ అంకె చెప్పినా ఆవిడ మాట ఒకటే. "ఆరొందలంటే సరా? ఆరొందల ఏటో సెప్పు." నా క్లాసులో నేనూ రోజూ ఇదే అంటాను. పిల్లలు నా వెనక అదే యాసలో వెక్కిరిస్తారని తెలుసు. వెక్కిరించనీ, అలాగైనా గుర్తుంటుంది.

ఈ పిచ్చికి మొదలు చెప్పాలి. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. సెలవులకి అత్త ఇంట్లో ఉన్నాను. ఫ్యాక్టరీలో పాత కరెంటు బోర్మా తీసేసి కొత్తది పెట్టారు. పాతదాని ముల్లు ఆరు వందల మీద ఉంటే పప్పు ఆరు గంటల్లో ఆరేది. కొత్తది బిగించిన మనిషి ఆ ముల్లు చూసి, దీంట్లోనూ ఆరు వందలే పెట్టి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి పొట్టు ఊడదు. పొట్టు తీసే ఆడవాళ్ల గోళ్లు అరిగిపోతున్నాయి, పప్పు ముక్కలవుతోంది.

కాక చాలడం లేదని అత్త చెబితే ఓనరు కొత్త బోర్మా మీద ఎర్రగా వెలుగుతున్న ఆరు వందల అంకె చూపించాడు. ఆవిడ ఊరుకోక ఒక తట్టని ఇంకో గంట ఉంచి చూసింది. శుభ్రంగా ఊడింది. ఏడు గంటలు పడుతుంది బాబూ అని చెప్పింది. ఏడు గంటలైతే రోజుకి రెండో విడత పడదని అతని కంగారు. వయసు మీదపడి నీ చెయ్యి మొద్దుబారింది, సోమవారం నుంచి పొట్టు తీసేవాళ్ల వరసలో కూర్చోమన్నాడు. ఆ శుక్రవారం అత్త అన్నం ముట్టలేదు. నా వైపు తిరిగి అంది.

"నా సెయ్యి మొద్దుబారిపోనేదు కోడలా. అంకె ఒకటే గాని కాక ఒకటి గాదు. నీ పుత్తకంలో ఏటైనా ఉందేటో సూడు."

నా పుస్తకమంటే నాకే అసహ్యం. ఆ కొలతలన్నీ అర్థం లేకుండా బట్టీ పట్టినవే. అయినా శనివారం ఆవిడతో వెళ్లాను. పాత బోర్మా షెడ్డు వెనక పడి ఉంది. దుమ్ము తుడిస్తే ముల్లు కింద చిన్న అక్షరాలు బయటపడ్డాయి. చదరపు మీటరుకి, గంటకి, కిలో కేలరీలు. లోపలికి పరిగెత్తాను. కొత్తదాని అంకె పక్కన చదరపు మీటరుకి వాట్లు అని ఉంది. రెండూ కొలిచేది వేడి ప్రవాహాన్నే, కొలతలే వేరు!

ఒక అట్టపెట్టె మీద లెక్క వేశాను. కిలో కేలరీకి 4186 జౌళ్లు. గంటకి 3600 సెకన్లు. భాగిస్తే 1.163. అంటే పాతదాని ఆరు వందలు కొత్తదాంట్లో దాదాపు ఏడు వందలు. మరి కొత్తదాన్ని ఆరు వందల దగ్గరే ఉంచితే, పాతది ఆరు గంటల్లో ఇచ్చిన వేడంతా చేరడానికి ఎంతసేపు పట్టాలి? ఆరు గంటల్ని 1.163తో గుణించాను. ఏడు గంటలకి దాదాపు ఒక్క నిమిషం తక్కువ వచ్చింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది. నా పుస్తకం మొత్తం కలిసి చెప్పినదాన్ని ఆవిడ ముందే చెప్పేసింది. నేను ఫిజిక్స్ చదివిందీ, ఇవాళ చెబుతున్నదీ ఆ ఒక్క నిమిషం వల్లే. అందుకు అత్తకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఓనరు అట్టపెట్టెని రెండుసార్లు చదివాడు. సోమవారం ఒక విడతకి ఏడు వందలు పెట్టి చూస్తానని, మాడితే మాత్రం మీ అత్త ఇక బోర్మా వైపు రావక్కర్లేదని అన్నాడు.

సోమవారం పొద్దున్న ఆరింటికి తట్టలు లోపలికి వెళ్లాయి. అత్త ఓనరు చెప్పినట్టే వెళ్లి పొట్టు తీసేవాళ్ల వరసలో కూర్చుంది. ఒక్కసారీ బోర్మా వైపు చూడలేదు. నేను మాత్రం గోడగడియారం కిందే ఆ ఆరు గంటలూ తిరిగాను. పన్నెండింటికి తలుపు తీసి మొదటి తట్ట తెచ్చి ఆవిడ ముందే పెట్టారు. చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. అత్త ఒక పప్పు తీసి బొటనవేలితో నలిపింది. పొట్టు రెండుగా విడిపోయింది. ఎక్కడా మాడలేదు.

ఓనరు దగ్గరికొచ్చి, అక్కని పిలిచినట్టు పిలిచాడు. "అప్పా, లెగు. బోర్మా కాడికి రా."

"ఈ తట్ట అవనీ బాబూ."

ఆయన నిలబడ్డాడు. అత్త తలెత్తలేదు. నవ్వు బయటికి రాకుండా పెదాలు బిగించి, తొందరేమీ లేకుండా, ఒక్కో పప్పూ నలుపుతూ కూర్చుంది. ఒక్కటీ ముక్క కాకుండా, తెల్లగా, గుండ్లకి గుండ్లు బుట్టలో పడుతూనే ఉన్నాయి.