ఇరవై రెండేళ్ల గుంటడి బూట్లు

కాళ్లు చిన్నవైన పెద్దవాళ్లు పిల్లల బూట్లు కొనుక్కోవచ్చా అని నన్నెవరైనా అడిగితే, నిక్షేపంగా కొనుక్కోండంటాను. కాకపోతే కొన్నవాటిని కొన్నట్టుగానే తొడుక్కోండి. సిగ్గుపడి రంగు మార్చారో, నాకు పట్టిన గతే పడుతుంది.

నేను పొడగరిని. మా ఇంటి చూరు కింద వంగితే తప్ప లోపలికి వెళ్లలేను. పాదాలు మాత్రం బడిపిల్లాడివి. దేవుడు నన్ను తల దగ్గర్నుంచి కట్టుకుంటూ వచ్చాడు, పాదాల దాకా వచ్చేసరికి సరుకు అయిపోయింది. మాది ఉద్దానం తీరంలో చేపల వేట మీద బతికే కుటుంబం. అలాంటి ఇంట్లో పుట్టి, పడవెక్కితే చాలు, కడుపులోదంతా కక్కేసేవాణ్ని. ఒడ్డు కనపడుతూండగానే మొదలయ్యేది. అది మా నాన్నకు తలవంపులని ఊరంతా అనేది, నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానిస్టేబుల్ సెలక్షన్లకు రెండోసారి వెళ్తానన్నప్పుడు ఆయన ఒకటే మాట అన్నాడు.

"ఈసారీ పోయిందనుకో, మరి ఉజ్జోగం మాటెత్తకు. పడవెక్కీడమే."

మొదటిసారి పోయింది చదువు వల్ల కాదు, ఐదు కిలోమీటర్ల పరుగు వల్ల. పెద్దవాళ్ల బూట్లలో అన్నిటికన్నా చిన్నది ఆరో నంబరు. నాది మూడు. మా ఊళ్లో ఏ సందుకైనా కొబ్బరి పీచే మందు గనక, ఆరో నంబరు బూట్లలో పీచు కుక్కుకుని వెళ్లాను. సగం దూరంలో కుడికాలి బూటు ఊడి, ఎగిరి, నాకన్నా ముందు వెళ్లిపోయింది. దాన్ని తెచ్చుకుని, పీచు సర్దుకుని లేచేసరికి మిగతావాళ్లు మంచినీళ్లు తాగుతున్నారు.

అందుకని ఈసారి కాశీబుగ్గ వెళ్లి, చెప్పుల షాపులో మూడో నంబరు స్పోర్ట్స్ బూట్లు అడిగాను.

"గుంటడికేనా బావూ?" అన్నాడు షాపాయన. మా వైపు పిల్లవాణ్ని గుంటడంటారు. "ఎన్నేళ్లేటి?"

"ఇరవై రెండు."

ఆయన నా ముఖం చూసి, కాళ్లు చూసి, మళ్లీ ముఖం చూశాడు. "సర్లే, కూకో" అని లోపలికి వెళ్లి ఒకే ఒక్క జత తెచ్చాడు. పసుపు రంగు. పక్కన నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ. అడుగేస్తే మడమల్లో ఎర్ర లైట్లు. తొడుక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా వేళ్లకు బూటు కొస తగిలింది. సంతోషం పట్టలేక షాపులోనే రెండు గంతులు వేశాను. లైట్లు వెలిగాయి. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్లు తొంగి చూశారు.

ఊళ్లో పరువు పోవడానికి ఒక్క సాయంత్రం చాలింది. ఇసుకలో ప్రాక్టీసు చేస్తుంటే కుక్కలు ఆ లైట్ల వెంట పడ్డాయి. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు పని ఆపి మరీ చూశారు. మా అమ్మైతే, "తోటల్లో తిరుగుతన్న ఎలుగ్గొడ్లు సాలవనేటిరా, ఇంకోటి కాశీబుగ్గ నుంచి తెచ్చినావు?" అంది. కుక్కల పుణ్యమా అని పరుగు బాగానే కుదిరింది. కానీ జిల్లా నలుమూలల నుంచి వచ్చే మగపిల్లల మధ్య ఆ బొమ్మతో నిలబడటం తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఆ బాధ మా మావకు చెప్పుకున్నాను. మా అమ్మ తమ్ముడు. అప్పుడాయన పడవకు జీడినూనె పూస్తున్నాడు. జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నల్లటి నూనె అది. చెక్కకు పట్టిస్తే ఉప్పునీరూ పురుగూ దాని జోలికి రావు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలే.

"ఇంతేనేటి? ఇలాగ తే" అన్నాడు మావ. "రెండు పూతలేత్తే నీ ఎలుగ్గొడ్డుని దాని తల్లి కూడా పోల్సుకోదు."

"కాల్తాది కదా మావా?"

"ఎండిపోనాక ఏటవుద్ది? ఈ పడవలో నాను కూకోట్లేదేటి?"

అదీ నిజమే అనిపించింది. ఇద్దరం పుట్టి పెరిగింది జీడితోటల పక్కనే. అయినా పడవ చెక్కకు చెమట పట్టదన్న సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

పరుగు రోజున నల్లగా నిగనిగలాడుతున్న నా బూట్లను చూసి ఎవరూ నవ్వలేదు. పక్కవాడు ఏ కంపెనీవని కూడా అడిగాడు. మొదటి రౌండు హాయిగా సాగింది. ఆ తర్వాత అరికాళ్లు చెమర్చాయి. కాసేపటికి ఆ వేడికీ తడికీ జీడినూనె లోపలికి దిగి చురుక్కుమంది. ఇంకాసేపటికి నిప్పులు తొక్కుతున్నట్టే ఉంది. విప్పాలంటే ఆగాలి, ఆగితే పడవే. అంతలో ముగింపు గీతకు అవతల ఒక కుళాయి కనిపించింది. ఇక నాకు ఉద్యోగం గుర్తు లేదు, నాన్న గుర్తు లేడు. ఆ కుళాయి కోసం పరిగెత్తాను. గీత దాటితే గానీ అది అందదు గనక పాసయ్యాను. నాకన్నా ముందు ఇద్దరే వచ్చారు. నేను బూట్లతోనే వెళ్లి కుళాయి కింద కూలబడ్డాను.

బస్సు దిగాక మావ నన్ను సైకిలు మీద ఇంటికి చేర్చాడు. పాదాలు బొబ్బలెక్కి బూరెల్లా పొంగాయి. "ఇప్పుడైతే ఆరో నంబరు పట్టీసును" అన్నాడు మావ. అమ్మ చేతిలో గరిట ఆయన వీపు మీద పడింది.

నాన్న మాత్రం కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుని అరుగు మీద కూర్చుని, నా కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు.

"పాసయ్యావేటి?"

"అయ్యాను."

"అయితే మరి పడవలోకి రాకు."

"పోతే నిజంగానే ఎక్కించేసేవాడివా నాన్నా?"

ఆయన నూనె రాస్తూ, తలెత్తకుండానే చెప్పాడు. "నువ్వలాగ కక్కుతంటే నాకు వల లాగడానికి సేతులు రావురా. నిన్నే సూత్తాను. బెదిరిత్తే పరిగెడతావని అలాగన్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. మంటకి ఏడుస్తున్నాననుకుని ఆయన ఇంకాస్త నూనె రాశాడు.