ఐదు బండల మాట

నా చిన్నప్పుడు నా కాలు ఒకచోట నిలిచేది కాదు. తాండూరులో మా ఇంటి అరుగు మీద నన్ను కాసేపు కూర్చోబెట్టాలంటే మా నాన్నకు తలప్రాణం తోకకు వచ్చేది. ఈ పిల్ల కాళ్లలో చక్రాలున్నాయని వాడకట్టంతా నవ్వేది. అసలు సంగతి వేరు. ఒకచోట నిలబడితే ఎవరో ఒకరు ఏదో అడుగుతారు, అడిగితే జవాబు చెప్పాలి. నాకేమో 'బ' పలికేది కాదు. మూసుకున్న పెదవులు మళ్లీ తెరుచుకునేవి కావు. లోపల మాట కొట్టుకులాడుతుంటే ఎదుటివాళ్లు జాలిగా నా ముఖంలోకి చూసేవాళ్లు. ఆ చూపంటే నాకు ఒళ్లు మంట. అందుకే ఎప్పుడూ పరుగే.

తెలివికేం తక్కువ లేదు. బడిని ఇస్కూలు అనేదాన్ని, బువ్వను అన్నం అనేదాన్ని, బెల్లం కావాలంటే వేలు పెట్టి చూపించేదాన్ని. అలా చాలాకాలం నెట్టుకొచ్చాను. కానీ ఊరి పేరుకు మారుపేరు ఉండదు కదా. అమ్మమ్మకు జబ్బు చేసిందని మా అమ్మ బషీరాబాద్ వెళ్లింది. వెళ్లినామె అక్కడే ఉండిపోయింది.

నాన్న బండల పాలిషింగ్ కార్ఖానాలో పని వదిలి రాలేక ఒకరోజు నన్ను ఒక్కదాన్నే బస్సెక్కించాడు. ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. బస్సు కదిలాక కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగాడు. నేను పెదవులు బిగించుకుని నిలబడ్డాను. "జల్ది చెప్పు పోరీ, నోట్ల ఏమన్న పెట్టుకున్నవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ సిగ్గులో, దారిలో ముందుగా వచ్చే ఏదో పల్లె పేరు చెప్పేసి, అక్కడే దిగి, కంది చేను గట్టున కూర్చుని ఏడ్చాను. తెలిసినవాళ్లు చూసి ఇంటికి చేర్చారు. నాన్న తిట్టలేదు. నేను ఊరి పేరు చెప్పగలిగేదాకా ఒంటరిగా మాత్రం పంపేది లేదన్నాడు. అంటే, అమ్మను చూడాలంటే ఆ పేరు నా నోట రావాలి. ఆ రోజు నుంచి అన్నం కూడా కూర్చుని తినబుద్ధి కాలేదు. కంచం పట్టుకుని తిరిగేదాన్ని.

మా పక్కింటి అక్క పదో తరగతి అయిపోయి ఇంట్లోనే ఉండేది. ఒక సాయంత్రం వీధిలో పరుగెత్తుతున్న నన్ను చెయ్యి పట్టి ఆపింది. "నాకు ఇంగ్లీషు పరీక్షున్నదే చెల్లె. జర మాటలు దేవులాడిపెట్టు" అంది. మా ఊళ్లో ఏ ఇంటికైనా నాపరాతి బండలే. మా అరుగుకు వరుసకు ఐదు పరిచి ఉండేవి. మాటలు వెతకడానికి ఆమె పెట్టిన షరతు ఇది: బండకొక ఇంగ్లీషు అక్షరం, మాట సరిగ్గా ఐదక్షరాలదే కావాలి, అందులో 'బి' ఉండి తీరాలి. ఒక్కో అక్షరం చెబుతూ ఒక్కో బండ మీద కాలు వేయాలి, చివర మాటంతా ఒక్కసారిగా చెప్పాలి. అందరిలా ఆమె కూర్చోమనలేదు. నాకు నచ్చింది అదే.

నాకు వెంటనే తట్టింది బస్సే. సుద్దముక్కతో రాసి చూపిస్తే "మూడు బండలకే ఒడిసిపాయె, పనికిరాదు" అని చెరిపేసింది. తర్వాత టేబుల్ దొరికింది. టి, ఎ అంటూ దూకుతుంటే మూడో బండ మీద 'బి' దానంతటదే జారిపడింది. నేను గమనించేసరికి నాలుగో బండ మీద ఉన్నాను. ఆమె పాత పుస్తకాలన్నీ తిరగేశాను. హ్యాబిట్, క్యాబిన్. కొన్నాళ్లకు 'బి' రెండో బండ మీద ఉండాలంది. అబౌట్, అబవ్. ఇంకొన్నాళ్లకు మొదటి బండ మీదనే ఉండాలంది.

అక్కడ బ్రెడ్ అనబోయి ఆగిపోయాను. ఒక కాలు గాలిలో ఉంది, పెదవులు బిగుసుకున్నాయి. జాలిగా చూస్తుందేమోనని కోపంగా అక్క వైపు తిరిగాను. ఆమె నా ముఖం వైపు చూడనే లేదు. నా కాలినే చూస్తోంది. "కాలు ఆపకు. నోరు దాని ఎంబడే వస్తది" అంది. కాలు వేశాను. మాట వచ్చింది.

"పంపు కాకా, ఏం ఫికర్ చెయ్యకు" అని నాన్నకు చెప్పింది కూడా ఆమే. మళ్లీ అదే బస్సు. కండక్టర్ ముందు సీట్ల నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చాడు. బస్సులో కాళ్ల కింద బండలేవీ లేవు. ఉన్నాయనుకున్నాను. బ, షీ, రా, బా, ద్. ఐదుసార్లు కాలు నేలకు తట్టాను, ఐదో దాంతో పేరు నోట పడింది. అతను నా వైపు చూడకుండానే టికెట్ చించి ఇచ్చి ముందుకు పోయాడు. బస్సులో ఎవరికీ ఏమీ తెలియలేదు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. అమ్మమ్మ ఇంటి వాకిట్లో గిన్నెలు తోముతున్న అమ్మ బూడిద చేతులతోనే లేచి, "ఒక్కదానివే వచ్చినవా?" అని నన్ను పొట్టకు అదుముకుంది. అవునని చెప్పబోయాను. అప్పుడు అడ్డుపడింది అక్షరం కాదు, ఏడుపు.

తిరిగి వచ్చాక పక్కింటికి పరుగెత్తి, పరీక్ష ఎప్పుడని అడిగాను. "ఏం పరీక్షనే?" అంది అక్క. అనేసి, నాలుక కరుచుకుని నవ్వేసింది.

ఇన్నేళ్లయినా ఆ అక్షరం నాకు పూర్తిగా లొంగలేదు. నా కాలూ కుదురు నేర్చుకోలేదు, నేర్పాలని నేనూ అనుకోలేదు. కష్టమైన పని ఏదొచ్చినా దాన్ని మొదటి బండ మీద పెట్టుకోను. మధ్యలో ఎక్కడో పెట్టుకుని, ముందు నడక మొదలుపెడతాను. వికారాబాద్ దవాఖానలో కూతురు పుట్టిన రోజు అందరూ వెళ్లేదాకా ఆగాను. మా దగ్గర కూతురిని పిలిచే మాట ఒకటే, అదీ ఆ అక్షరంతోనే మొదలవుతుంది. దుప్పటి కింద నా కుడికాలు మెల్లగా కదిలింది. "బిడ్డా" అన్నాను. ఇప్పుడు ఫోన్‌లో పిలిచినా ఒక్కోసారి ఆ మాట దగ్గర ఆగిపోతాను. అవతల నా బిడ్డ హలో హలో అనదు. నా కాలు కదిలేదాకా ఆగుతుంది.