నా కారు సీటు కొలత

కెనడాలో నాకు కారు లేదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఉందని నమ్మించానే, దానికి సిగ్గుపడాలి.

మొదట్లో నోటితో చెప్పలేదులెండి. వెళ్లిన కొత్తలో ఇంటి ఓనరు ఎర్ర కారుకు ఆనుకుని ఫోటో దిగి, సోలాపూర్‌లో మావాళ్లకు పంపాను. మా దాజీ పేట్‌లో గడపల ముందు బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చూశారట. "మా పిల్ల గాడీ తీసుకున్నది" అని అత్త అశోక్ చౌక్ దాకా టముకు వేసింది. కాదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. వినడానికి బాగుంది మరి.

నిజానికి పనికి వెళ్లాలంటే నేను రెండు బస్సులు మారాలి. మొదటిది కాస్త ఆలస్యమైతే రెండోది వెళ్లిపోతుంది. మంచులో కారే ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డప్పుడు ఇంటి నుంచి ఫోనొస్తే, "డ్రైవింగ్‌లో ఉన్నా" అని పెట్టేసేదాన్ని. ఎంత పొగరో చూడండి.

ఒకరోజు మామ ఫోన్ చేశాడు. అమ్మకు తమ్ముడు, ఆ అత్త భర్త. పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు. మా పేటలో ఎవరు కొత్త బండి కొన్నా, సీటు మీద పరచడానికి మామ నేసిన టవలు ఉండాల్సిందే.

"బిడ్డా, నువ్వు కూసోని నడిపే సీటు కొలత చెప్పు. టవలు నేస్త."

అప్పుడు బస్సులో ఉన్నాను. కంగారులో, కూర్చున్న సీటునే ఈ చివర నుంచి ఆ చివరకు జానలతో కొలిచాను.

"వెడల్పు నాలుగు జానలు, మామా."

మగ్గాల చప్పుడులో మామ గొంతు పెంచాడు.

"నాలుగా? బరోబర్ కొలిచినవా?"

"బరోబరే."

మరుసటి ఏడాది సోలాపూర్ వెళ్తే టవలు సిద్ధంగా ఉంది. కార్ఖానాకు సెలవు రోజున, నా 'కారు' రంగని ఎర్ర నూలుతో నేశాడట. అత్త దాన్ని విప్పి ఇరుగుపొరుగుకు చూపిస్తుంటే నేల చూపులు చూశాను.

ఆ సాయంత్రం ముగ్గురం సిటీ బస్సు ఎక్కాం. ఖాళీగా ఉన్న ఒక్క సీటును అత్త తన కొంగుతో తుడిచింది. "కూసో బిడ్డా. కారుకు అలవాటైన పాణం, నిలబడలేవు." తను బీడీల సంచీ చంకన పెట్టుకుని నిలబడింది. రోజూ బస్సులో నిలబడి పోయే దాన్ని నేను, కూర్చున్నాను. మామ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

కెనడా తిరిగొచ్చాక, టవలు సీటు మీద పరిచి ఫోటో పంపమన్నాడు మామ. పొద్దున్నే ఖాళీ బస్సులో టవలు పరిచాను. అంచుకు అంచు సరిపోయింది. అది ఇద్దరు కూర్చునే సీటు. కారులో నడిపేవాళ్ల సీటు రెండున్నర జానలు దాటదని నాకప్పుడు తట్టింది. ఇన్నేళ్లుగా కారు సీట్లకు టవళ్లు నేసిన మనిషికి ఆ రోజే తెలిసి ఉండదా? 'బరోబర్ కొలిచినవా' అన్నది అందుకే. నిజం చెప్పమని అడిగాడాయన. నేను మళ్లీ అబద్ధమే ఆడాను.

టవలు ఒక్కటే పడేలా తీద్దామనుకున్న దాన్ని, పక్కనున్న కడ్డీ, దాని మీద దిగేవాళ్లు నొక్కే బెల్లు మీట కూడా కనబడేలా తీసి పంపాను. కాసేపటికి మామ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మంచిగ సరిపోయింది. నాకు అప్పుడే ఎర్కే, బిడ్డా. బస్సుల పోతే తప్పేంది? నేను పోతలేనా? మీ అత్తకు మాత్రం చెప్పలే. అది నువ్వే చెప్పాలె."

ఇది జరిగి ఆరు నెలలైంది. నిన్న అత్త ఫోన్ చేసింది.

"మంచు పడుతున్నదట గద. గాడీ పైలంగ నడుపు, బిడ్డా."

"సరే అత్తా" అన్నాను, బస్టాపులో నిలబడి.