సన్నెమ్మ కథ మూడో రికార్డు

బిందుమాధవి గొంతు సంగతి పలాస కాంప్లెక్సులో ఎవరినడిగినా చెబుతారు. "సుమ్మాదేవీ, మందసా" అని ఆమె కేకేస్తే టీ తాగడానికొచ్చినవాడు కూడా బస్సెక్కి కూర్చుంటాడని డ్రైవరు కామేశ్ వేళాకోళం. పల్లెవెలుగు బస్సులో పదమూడేళ్లుగా కండక్టరు. నలభై రెండేళ్ల మనిషి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో ఈగ దూరే సందు లేకపోయినా, ఆ చివర నుంచి ఈ చివరకి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎవరితోనైనా మాట్లాడుతుంది. ఒక్క ప్రశ్నకే ఆమె దగ్గర జవాబుండదు. "మీ ఆయనేటి సేత్తాడమ్మా?" అని ఏ ముసలమ్మైనా అడిగితే చాలు, ఇంకా రెండు కిలోమీటర్ల దూరమున్న స్టాపు పేరు అప్పుడే అరిచేస్తుంది.

ఇక ఆమె పిచ్చి సంగతి. నల్ల రికార్డుల పిచ్చి. వైజాగులో, హైదరాబాదులో కుర్రకారు వీటిని మళ్లీ కొనుక్కుంటున్నారట, వినైల్ అంటారట. అననివ్వండి. ఉద్దానంలో అవి ఎప్పుడూ రికార్డులే, ఎక్కువ ఇళ్లలో అటక మీదివే.

తొమ్మిదేళ్ల కిందట ఒకావిడ మందసలో బిందెతో బస్సెక్కింది. నీళ్లు తొణక్కుండా బిందె మీద మూతలా ఒక చిన్న రికార్డు బోర్లించింది. దాని మధ్యలో బెజ్జం ఉంది కదా, గతుకు వచ్చినప్పుడల్లా అందులోంచి నీళ్లు ఎగజిమ్మి పక్కనున్న మేస్త్రి చొక్కా తడిసిపోతోంది. ఇద్దరికీ మాటామాటా పెరిగితే తీర్పు చెప్పడానికి బిందుమాధవి వెళ్లింది. తీర్పు ఏమైందో ఆమెకిప్పుడు గుర్తులేదు. మర్నాడు తన ఇంట్లో స్టీలు పళ్లెం ఆవిడకిచ్చి ఆ రికార్డు తెచ్చుకుంది. మీద "సన్నెమ్మ కథ, ఒకటి" అని అచ్చు ఉంది. కంపెనీ పేరు నీళ్లకు చెరిగిపోయింది.

ఇంట్లో ప్లేయరు లేదు. మూడు నెలలు దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఆఖరికి వైజాగు వెళ్లి పాత ప్లేయరొకటి ఒడిలో పెట్టుకుని రైల్లో తెచ్చింది. ముల్లు పెట్టగానే జముకు మోగింది. తోలు బిగించిన డొల్లకు తీగ కట్టి మీటే వాయిద్యం అది, ఈ ప్రాంతపు కథలకు ప్రాణం. వెనకాలే ఒక ముసలి గొంతు, సముద్రం ఒడ్డున పుట్టిన సన్నెమ్మను కొండల అవతలికిచ్చి పెళ్లి చేసిన వైనం అందుకుంది. బిందుమాధవి వంట మర్చిపోయింది. ఆ రోజు మొదలు ఆమెను ఆపగలిగినవాడు లేడు. ఇప్పుడు ఇంట్లో జీడిపప్పు ఎగుమతి చేసే రేకు డబ్బాలు పదకొండు ఉన్నాయి. పప్పు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. చిన్న రికార్డులు ఆ డబ్బాల్లో కొలిచి చేసినట్టు నిలబడతాయని కనిపెట్టింది తానేనని ఆమెకు మహా గర్వం.

సన్నెమ్మ కథ రెండో రికార్డు ఆ ఏడాదే టెక్కలిలో దొరికింది, నారాయణమూర్తి దుకాణంలో. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. నలభై ఏళ్లు పెళ్లిళ్లకు మైకు సెట్టు కట్టాడు. డీజే పెట్టెలొచ్చి ఆయన హారన్లను మూల కూర్చోబెట్టాక, ఉన్న రికార్డులు సర్ది దుకాణం తెరిచాడు. అలాంటి దుకాణం ఇంకోటి ఉండదు. రికార్డు కావాలంటే బల్ల మీద కూర్చుని రెండువైపులా వినాలి. మధ్యలో మాట్లాడితే అమ్మడు. ఫోన్ చూసుకున్నా అమ్మడు. ఒకాయన ఆవులించాడని తెల్ల అట్టలో పెట్టి ఇవ్వబోయిన రికార్డు మళ్లీ వెనక్కి తీసేసుకున్నాడు. బిందుమాధవికి ఆ చోటు ప్రాణం. సెలవు దొరికిన ప్రతి గురువారం అక్కడే.

కానీ రెండో రికార్డు ఆమెను చంపేసింది. అత్తారింట్లో సన్నెమ్మకు కూడు లేదు, నిద్ర లేదు. ఒకనాడు తెల్లవారకుండానే నూతి గట్టు మీద కడవ దించింది. ఇంటివైపు ఒకసారి చూసింది. నడక మొదలుపెట్టింది. జముకు రెండు దెబ్బలు మోగింది, అంతే, రికార్డు అయిపోయింది. ఎక్కడికెళ్లింది? బతికిందా? తొమ్మిదేళ్లు! ఉద్దానంలో మైకు సెట్లున్న ఊరల్లా తిరిగింది, పెళ్లిళ్లకు వేసిన రికార్డులు చూపించమని అడిగింది. ఎవరికీ తెలియదు. కామేశ్ అయితే "నూతిలో పడిపోయుంటాదిలే అక్కా" అన్నాడు. ఆమె అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

మొన్న మాఘంలో ఒక పొద్దున్న మందస స్టాండులో బస్సు బయల్దేరే వేళకు, టికెట్ల మిషను సరిచూసుకుంటూ ఆ పాటే కూనిరాగం తీస్తోంది. ముందు సీట్లోని ఎర్రమ్మ అనే ముసలావిడ ఉలిక్కిపడింది.

"ఓలమ్మా, పొద్దున్నే ఆ పాటేటే? ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదప్పా. ఇది పెళ్లి పాట."

"పెళ్లేటి! మా ముసిలోడి పెద్దకర్మకి ఏసినారు. సన్నెమ్మ కతే కదా?"

బిందుమాధవి చేతిలో మిషను ఆగిపోయింది. "సన్నెమ్మ నూతికాడ కడవ ఒగ్గేసి ఎల్లిపోనాది. ఆ తరవాత కతా?"

"ఆ, ఆ తరవాతదే. కడవ ఒగ్గీసి ఎల్లిందని ఎత్తుకున్నారు."

"ఎక్కడికెల్లిందప్పా? సెప్పు, బేగి సెప్పు!"

"నాకేటి తెల్దు. ఆపైన నానేటి యిన్నానా? ఆ రోజు ఏడుత్తన్నాను కదా!"

"మైకెవులిది?"

"టెక్కలి నారాయణమూర్తిదే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది బతుకు! ఆ తర్వాత ఆమె ఒళ్లు ఆమె స్వాధీనంలో లేదు. బెల్లు కొట్టడం మర్చిపోయింది. సుమ్మాదేవి వస్తే "టెక్కలీ, టెక్కలీ" అని కేకేసింది. మందసలో ఎక్కినవాళ్లంతా వేరే బస్సెక్కేశామనుకుని లేచి నిలబడ్డారు. "అక్కా, నీకేటైనాది?" అని కామేశ్ బస్సు పక్కకు తీసి మరీ అడిగాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, అన్నం క్యారేజీ మూత కూడా తీయకుండా, ఖాకీ చొక్కా మీదే టెక్కలి బస్సెక్కింది.

నారాయణమూర్తి దుకాణంలో ఒక్కడే ఉన్నాడు, మెత్తని గుడ్డతో రికార్డు తుడుస్తున్నాడు.

"మావా! సన్నెమ్మ కత మూడోది నీకాడే ఉందట కదా! తొమ్మిదేళ్లు నన్ను ఊళ్లంట తిప్పినావు కదా మావా! నాను అడగనేదా?"

ఆయన తుడవడం ఆపలేదు. "అడిగినావు. ఏటని అడిగినావు? పెళ్లిళ్లకేసిన రికార్డులు సూపించు మావా అన్నావు. సూపించినాను. ఇంకో పెట్టి సంగతి అడగనేదు. దాని ఊసు మాయంతట మేం ఎత్తకూడదమ్మా."

ఆయన చెబితే అప్పుడు తెలిసింది ఆమెకు. నారాయణమూర్తికి పని నేర్పిన గురువు రెండు పెట్టెలు పెట్టాడు. పసుపు రాసినది పెళ్లి పెట్టె. ఏ రంగూ లేనిది కర్మ పెట్టె. ఇందులో పడ్డ రికార్డు మళ్లీ పెళ్లిపందిరి ముఖం చూడకూడదు. అమ్మకానికి పెట్టకూడదు. పోయిన మనిషి పేరు మీదే ఆ పెట్టె తెరవాలి. అయినవాళ్లెవరో మైకులో ఆ మనిషి పేరు, ఊరు, చేసిన మంచి పని ఒకటి చెప్పాలి, అప్పుడే ముల్లు పెట్టాలి. నారాయణమూర్తి తన జన్మలో ఆ కట్టుబాటు తప్పలేదు.

"అమ్మొద్దులే మావా. ఒక్కపాలి వినిపించు."

"ఎవులి పేరు మీద?"

ఆ క్షణంలో బిందుమాధవి ఎంతకైనా తెగించేలా ఉంది. దారిన పోయే ఏ సూర్యనారాయణ పేరో చెప్పేస్తే ఈ ముసలాయనకు తెలుస్తుందా? నోరు తెరిచింది కూడా. కానీ నోటికొచ్చిన పేరు వేరు.

"మా నాన్న. నారాయణరావు."

చెప్పాక ఆమెకే భయమేసింది. కరోనా రెండో విడతలో పోయాడాయన. ఆసుపత్రి నుంచి మూటగట్టి నేరుగా శ్మశానానికి తీసుకుపోయారు. పదకొండో రోజు పెరట్లో ముగ్గురే మనుషులు. పంతులు ఫోన్లో మంత్రాలు చెప్పాడు. పందిరి లేదు, బంతి లేదు, మైకు లేదు. ఇన్నేళ్లలో దాని కోసం టెక్కలి రావాలని ఆమెకు తోచలేదు. రికార్డు కోసమైతే పరుగెత్తుకొచ్చింది.

"వద్దులే మావా. కత మీద ఆశ కొద్దీ నాన్న పేరు సెప్పీసినాను. పాపం కదా."

నారాయణమూర్తి మొదటిసారి గుడ్డ పక్కన పెట్టాడు. "ఓలమ్మా, నలబై ఏళ్లు కర్మలకి మైకు కట్టినాను. సగం మంది పప్పన్నానికొచ్చినోళ్లే. నువ్వు కత కోసం వొచ్చినావు, దానికేటి? నెగు, ఆ హారను వైరు ఇటందుకో."

రంగు లేని పెట్టె మంచం కింద నుంచి వచ్చింది. అందులో పదిహేను రికార్డులు, అన్నీ తెల్ల బట్టలో. ఆరోది అది. "సన్నెమ్మ కథ, మూడు." గీత లేదు, మరక లేదు. బిందుమాధవి చెయ్యి చాచితే ఆయన ముట్టుకోనివ్వలేదు. ఏళ్ల తరబడి మోగని హారను గుర్రుమంది. పూలమ్మే ఆవిడ తలెత్తి చూసింది. ఎదురు టైలరు మిషను ఆపి గుమ్మంలోకి వచ్చాడు.

మైకు ఆమె చేతికొచ్చింది. రోజుకు రెండొందల సార్లు కేకలేసే మనిషి మెల్లగా మొదలుపెట్టింది.

"మా నాన్న పేరు నారాయణరావు. ఊరు సుమ్మాదేవి. మా నాన్న..." ఏం చెప్పాలి? ఎవరితో గొడవ పడలేదందామా అంటే పొలం గట్టు తగవు ఊరందరికీ తెలుసు. గుడికి చందా ఇచ్చాడందామా అంటే పదిసార్లు అడిగించుకునే ఇచ్చాడు. "జీడితోట బాగా సూసుకునీవోడు" అని ముగించింది. అదేం మంచి పని? ఆమెకే నచ్చలేదు. నారాయణమూర్తి ముల్లు పెట్టాడు.

జముకు మోగింది. ఈసారి నెమ్మదిగా కాదు, నడకలా, వడివడిగా. సన్నెమ్మ కొండలు దిగుతోంది. ఏరు దాటుతోంది. బతికే ఉంది! బిందుమాధవి బల్ల అంచు రెండు చేతులా పట్టేసింది. ఇసకలో కాళ్లు కాలుతున్నాయి. వలలాగే వాళ్లు ఎక్కడికమ్మా అంటే మా ఊరికని చెబుతోంది. మొదటి వైపు అయిపోయింది. ఆయన రికార్డు తిప్పేంతలో ఆమె రెండుసార్లు లేచి కూర్చుంది.

రెండో వైపు. ఊరొచ్చింది. వీధిలో అందరూ అడ్డం నిలబడ్డారు. పెళ్లి చేసి ఇచ్చేసిన పిల్ల గడప తొక్కకూడదన్నారు, ఊరికి అరిష్టమన్నారు. జముకు హోరెత్తిపోతోంది. ఇంట్లోంచి ముసలి తండ్రి బయటికొచ్చాడు. ఎవరికీ జవాబు చెప్పలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "కాళ్లు కడుక్కో సన్నెమ్మా, లోపలికి రా" అన్నాడు. పాడేవాడు ఆ మాట మూడుసార్లు పాడాడు, మూడోసారి నవ్వుతూ పాడాడు. కథ అయిపోయింది.

"ఇంత మంచి కత కర్మలకేటి మావా?" అంది ఎప్పటికో, చెంపలు తుడుచుకుంటూ.

"పెళ్లికూతురు పీటల మీదుండగా పుట్టింటికి తిరిగొచ్చీసిన కత ఏత్తే, మగపెళ్లోరు హారన్లు ఇరగ్గొట్టీరా? ఆ పెట్టిలో పడింది పాపం. తండ్రులు పోయినప్పుడు ఎక్కువ ఏయించీవోరు."

బిందుమాధవి లేచింది. ఇంత సంతోషం ఒంట్లో పట్టక, ఏం చేస్తోందో తనకే తెలియకుండా మైకు మళ్లీ అందుకుంది. పూలావిడ చూస్తోంది. టైలరు చూస్తున్నాడు. ఆగిన ఆటోలోంచి ఇద్దరు తొంగి చూస్తున్నారు.

"ఇందాక సరిగా సెప్పనేదు. మా నాన్న నారాయణరావు. పదారేళ్ల కింద నాను అత్తోరింటికాడనుంచి బట్టల పెట్టి పట్టుకుని వొచ్చీసినాను. మళ్లీ ఎల్లనేదు. నాకిప్పుడు మొగుడంటూ ఎవుడూ నేడు, అదెవులికీ సెప్పుకోనేదు. ఆ రోజు మా నాన్న కళ్లంలో జీడిపిక్కలు ఆరబోత్తన్నాడు. నా సేతిలోంచి ఆ పెట్టి తీసుకున్నాడు. అన్నం పెట్టమని అమ్మకి సెప్పినాడు. ఎందుకొచ్చినావని ఆ రోజు అడగనేదు, సచ్చిపోయేదాక అడగనేదు. ఆయన సేసిన మంచి పని అదీ."

హారను ఆ మాట వీధి చివరిదాకా మోసుకుపోయింది. నారాయణమూర్తి మైకు ఆపెయ్యలేదు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.